సౌత్ కరోలినాలో 39.5 శాతం ఓట్లకు 3 డెలిగేట్లేనా? ప్రైమరీ లెక్క ఎలా వేస్తారు

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. 2024 జనవరి 23న న్యూ హాంప్‌షైర్ రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాల్లో జరిగే ఎన్నిక) నిక్కీ హేలీకి 43 శాతం ఓట్లు, 22 మందిలో 9 మంది డెలిగేట్లు (పార్టీ జాతీయ సమావేశంలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) వచ్చారు. నెల తిరిగాక ఫిబ్రవరి 24న సొంత రాష్ట్రం సౌత్ కరోలినాలో 39.5 శాతం ఓట్లు వచ్చినా, 50 మందిలో 3 మందే దక్కారు. ఓట్లు నాలుగు శాతం తగ్గితే డెలిగేట్లు మూడో వంతుకు పడిపోవడం ఏమిటి, వెబ్‌సైట్‌లో తప్పు పడిందా అని అడిగారు. మీకు, మీ శ్రీమతికి ఈమధ్యే పౌరసత్వం వచ్చిందని, 2028 ప్రైమరీలో ఓటు వేయాలంటే ముందుగా ఏం చూసుకోవాలనీ అడిగారు.

తప్పేమీ పడలేదు. సౌత్ కరోలినా రిపబ్లికన్లు డెలిగేట్లను ఓట్ల శాతం ప్రకారం పంచరు. 50లో 29 స్థానాలు రాష్ట్రం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచినవారికి గంపగుత్తగా వెళ్తాయి. మిగతా 21 స్థానాలు 7 కాంగ్రెస్ నియోజకవర్గాలవి, ఒక్కోదానికి 3 చొప్పున. నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే ఆ మూడూ వారివే. రాష్ట్రం మొత్తం మీద ట్రంప్ 59.8 శాతంతో గెలిచారు కాబట్టి 29 ఆయనకు పోయాయి. ఏడు నియోజకవర్గాల్లో ఆరు ఆయనవే, అంటే ఇంకో 18. మొత్తం 47. హేలీ గెలిచింది చార్లెస్టన్ తీరప్రాంతం ఉన్న 1వ నియోజకవర్గం ఒక్కటే, అందుకే 3.

మన దగ్గరి లెక్కతో చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. 2024 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు వచ్చాయి, 175 సీట్లలో 11 దక్కాయి. 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లకు 23 సీట్లు వచ్చాయి. ఓటు శాతం వేరు, గెలిచిన స్థానాలు వేరు అన్న సంగతి మనకు కొత్త కాదు. సౌత్ కరోలినాలో దీనికి తోడు మన దగ్గర లేని ఇంకో మెలిక ఉంది. నియోజకవర్గాలతో సంబంధం లేకుండా 29 స్థానాల కట్ట ఒకేసారి విజేత చేతిలో పడుతుంది. ఏడింటిలో మూడు నియోజకవర్గాలు గెలిచినా, రాష్ట్రం మొత్తం మీద ఓడితే 9 మందికి మించి రారు.

ఈ 29 అన్న సంఖ్య ఎక్కడిదో ఒకసారి విడదీసి చూడండి. ఇది అర్థమైతే ఏ రాష్ట్రానికి ఎంతమంది డెలిగేట్లో మీరే లెక్కగట్టవచ్చు. రిపబ్లికన్ పార్టీ జాతీయ నియమాల ప్రకారం ప్రతి రాష్ట్రానికి 10 స్థానాలు ఎలాగూ ఉంటాయి, సెనేటర్‌కు 5 చొప్పున. ప్రతి కాంగ్రెస్ నియోజకవర్గానికి 3. రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు, జాతీయ కమిటీలో రాష్ట్రం తరఫున ఉండే ఒక పురుషుడు, ఒక మహిళ కలిపి 3. ఆ పైన బోనస్. అంతకుముందు అధ్యక్ష ఎన్నికలో రాష్ట్రం రిపబ్లికన్ అభ్యర్థిని గెలిపించి ఉంటే, రాష్ట్ర ఎలక్టోరల్ ఓట్లలో (అధ్యక్షుణ్ని ఎన్నుకోవడంలో ఆ రాష్ట్రానికి ఉండే ఓట్లు) 60 శాతానికి 4.5 కలిపి, పూర్ణాంకం చేసి ఇస్తారు. సౌత్ కరోలినాకు 9 ఎలక్టోరల్ ఓట్లు. అందులో 60 శాతం 5.4, దానికి 4.5 కలిపితే 9.9, అంటే 10. గవర్నర్ రిపబ్లికన్ అయితే 1. దిగువ సభ సభ్యుల్లో కనీసం సగం మంది రిపబ్లికన్లయితే 1. రాష్ట్ర శాసనసభలో ఒక సభ వారిదైతే 1, రెండూ వారివైతే ఇంకో 1. గత ఆరేళ్లలో గెలిచిన ఒక్కో రిపబ్లికన్ సెనేటర్‌కు 1 చొప్పున 2. బోనస్ మొత్తం 16. ఇప్పుడు 10, 3, 16 కలపండి, 29 వస్తుంది. ఏడు నియోజకవర్గాల 21 కలిపితే 50.

న్యూ హాంప్‌షైర్‌కు ఇదే సూత్రం పెట్టండి. 10, రెండు నియోజకవర్గాలకు 6, పార్టీ నాయకులు 3, మొత్తం 19. అది 2020లో బైడెన్‌ను గెలిపించింది కాబట్టి పెద్ద బోనస్ రాదు. సెనేటర్లిద్దరూ డెమొక్రాట్లే, దిగువ సభ సభ్యులిద్దరూ డెమొక్రాట్లే. గవర్నర్‌కు 1, రాష్ట్ర శాసనసభ రెండు సభలకూ కలిపి 2, అంటే 3. మొత్తం 22. రిపబ్లికన్ పార్టీకి కట్టుబడిన రాష్ట్రాలకు అభ్యర్థిని ఎంచుకోవడంలో ఎక్కువ బరువు ఉండాలన్నదే ఈ బోనస్ వెనుక ఉద్దేశం. కేవలం జనాభాను చూసి రాష్ట్రాలను పోల్చేవారు ఇక్కడే బోల్తా పడతారు.

మరి న్యూ హాంప్‌షైర్‌లో 9 మంది ఎలా వచ్చారు? అక్కడ 10 శాతం దాటినవారికి ఓట్ల నిష్పత్తిలో పంచుతారు, భిన్నాలను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. ఎవరి లెక్కలోనూ చేరకుండా మిగిలిపోయిన స్థానాలు మొదటి స్థానంలో ఉన్నవారికి చేరతాయి. ట్రంప్‌కు 54.3 శాతం, అంటే 22లో దాదాపు 12. హేలీకి 9. మిగిలిన ఒక్కటి కూడా ట్రంప్‌కే చేరి చివరి లెక్క 13–9 అయింది. ఆ రాత్రి వార్తల్లో 12–9 అని చూసినవాళ్లు తర్వాత 13 అని చూసి కంగారు పడ్డారు. అది ఈ మిగులు స్థానం సంగతే.

ఇదే న్యూ హాంప్‌షైర్ నియమం సౌత్ కరోలినాలో ఉండి ఉంటే 50లో 39.5 శాతం, దాదాపు 20 మంది హేలీకి వచ్చేవారు. వచ్చింది 3. ఈ 17 మంది తేడాకు ఓటర్లు కారణం కాదు, నియమం కారణం.

రాష్ట్రం పేరు చూసి నియమం ఊహించకండి, పార్టీ పేరు కూడా చూడండి. ఒకే రాష్ట్రంలో రెండు పార్టీలకు రెండు పద్ధతులు ఉంటాయి. ఇదే సౌత్ కరోలినాలో 2020 ఫిబ్రవరి 29న డెమొక్రాటిక్ ప్రైమరీ జరిగింది. బైడెన్‌కు 48.6 శాతం, బెర్నీ శాండర్స్‌కు 19.8 శాతం, టామ్ స్టేయర్‌కు 11.3 శాతం వచ్చాయి. 54 మంది డెలిగేట్లలో బైడెన్‌కు 39, శాండర్స్‌కు 15, స్టేయర్‌కు సున్నా. అంటే ఈ రాష్ట్రంలోనే ఒక పార్టీలో 19.8 శాతానికి 15 మంది వచ్చారు, ఇంకో పార్టీలో 39.5 శాతానికి ముగ్గురే వచ్చారు. రెండూ సరైన లెక్కలే.

రిపబ్లికన్ పార్టీలో ఈ రకరకాల పద్ధతులకు కారణం జాతీయ కమిటీ నియమాల్లో ఉంది. 2024లో మార్చి 15కు ముందు ప్రైమరీ పెట్టుకునే రాష్ట్రాలు డెలిగేట్లను నిష్పత్తి ప్రకారం పంచాలి. కానీ అయోవా, న్యూ హాంప్‌షైర్, సౌత్ కరోలినా, నెవాడా అనే నాలుగు తొలి రాష్ట్రాలకు ఆ షరతు లేదు. అందుకే ఫిబ్రవరిలోనే సౌత్ కరోలినా గంపగుత్త పద్ధతి పెట్టుకోగలిగింది. మిగతా రాష్ట్రాలకు ‘నిష్పత్తి’ అన్నా అందులో రెండు వెసులుబాట్లు ఉన్నాయి. డెలిగేట్లు దక్కడానికి కనీస ఓటు శాతం 20 వరకు పెట్టుకోవచ్చు. ఎవరైనా 50 శాతం దాటితే మొత్తం వారికే ఇచ్చే షరతు పెట్టుకోవచ్చు. మార్చి 5న కాలిఫోర్నియాలో జరిగింది ఈ రెండోదే. ట్రంప్ సగం దాటారు, 169 మందీ ఆయనకే వెళ్లారు. అదే రోజు వెర్మాంట్‌లో హేలీ గెలిచారు కానీ 50 శాతం అందుకోలేదు. అందుకే 17లో 9 ఆమెకు, 8 ట్రంప్‌కు వచ్చాయి. అంతకు రెండు రోజుల ముందు వాషింగ్టన్ డీసీలో ఆమె 62 శాతానికి పైగా తెచ్చుకుని 19 మందినీ తీసుకున్నారు. వెర్మాంట్, డీసీ రెండూ గెలుపులే. ఒకచోట ఒక్క డెలిగేట్ ఆధిక్యం, ఇంకోచోట 19 మంది ఆధిక్యం.

కాబట్టి ‘ఫలానా రాష్ట్రం గెలిచారు’ అన్న శీర్షికతో నామినేషన్ లెక్క తేలదు. 2024లో మొత్తం 2,429 మంది రిపబ్లికన్ డెలిగేట్లలో 1,215 మంది కావాలి. ఆ సంఖ్యకు ఎంత దగ్గరయ్యారన్నదే చూడాల్సింది. ట్రంప్ మార్చి 12న దాన్ని దాటారు.

సౌత్ కరోలినా పద్ధతి 2024లో పుట్టింది కాదు. 2016లో ట్రంప్‌కు అక్కడ వచ్చింది 32.5 శాతమే. రూబియోకు 22.5, క్రూజ్‌కు 22.3. కానీ రాష్ట్రంతో పాటు ఏడు నియోజకవర్గాల్లోనూ ట్రంపే ముందు నిలిచారు కాబట్టి 50కి 50 ఆయనకు వెళ్లారు. మూడింట రెండు వంతుల మంది ఓటర్లు ఆయనకు వేయలేదు, డెలిగేట్లు మాత్రం ఒక్కరూ బయటికి పోలేదు. ప్రత్యర్థుల ఓట్లు నలుగురైదుగురి మధ్య చీలినప్పుడు ఈ పద్ధతి ఎంత పదునైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 2012లో గింగ్రిచ్‌కు 40.4 శాతం, రామ్నీకి 27.8. డెలిగేట్లు 23, 2. అప్పుడు మొత్తం 25 మందే. జాతీయ పార్టీ అనుమతించిన తేదీ కంటే ముందే రాష్ట్రం ప్రైమరీ పెట్టుకున్నందుకు పార్టీ సగం కోత వేసింది. నియోజకవర్గానికి 3 బదులు 2, రాష్ట్ర విజేతకు 11. రామ్నీ గెలిచిన ఒక్క నియోజకవర్గం కూడా ఆ 1వదే.

కౌంటీల మ్యాప్ చూసి డెలిగేట్లను లెక్కపెట్టకండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. టీవీలో కనిపించే రంగుల మ్యాప్ కౌంటీలది. డెలిగేట్లు వచ్చేది కాంగ్రెస్ నియోజకవర్గాల నుంచి. మన దగ్గర జిల్లా మ్యాప్ చూసి ఎంపీ సీట్లు లెక్కపెట్టినట్టుంటుంది అది. 2024లో హేలీ సౌత్ కరోలినాలోని 46 కౌంటీల్లో మూడు గెలిచారు: చార్లెస్టన్, బ్యూఫోర్ట్, రాజధాని కొలంబియా ఉన్న రిచ్‌లాండ్. ఇందులో రిచ్‌లాండ్ 2వ, 6వ నియోజకవర్గాల మధ్య చీలి ఉంది. ఆ రెండు నియోజకవర్గాల్లోనూ చుట్టుపక్కల కౌంటీల ఓట్లు కలిశాక ట్రంప్ ముందున్నారు. అందుకని రిచ్‌లాండ్ గెలుపు వల్ల ఆమెకు ఒక్క డెలిగేట్ కూడా రాలేదు. 2016లో రూబియో చార్లెస్టన్, రిచ్‌లాండ్ రెండూ గెలిచారు, చేతికి వచ్చింది సున్నా. కౌంటీ చీలిన చోట ఓట్లను పోలింగ్ కేంద్రాల వారీగా విడదీసి నియోజకవర్గాలకు కలపాలి. రాత్రి మొదట్లో 29 ఎవరివో తేలిపోయి, చివరి 3 మాత్రం ఆలస్యంగా తేలడానికి కారణం అదే.

ఇప్పుడు డెమొక్రాట్ల వైపు. వారి పద్ధతి అన్ని రాష్ట్రాల్లో ఒకటే: 15 శాతం గీత దాటినవారికి నిష్పత్తి ప్రకారం పంపకం. వినడానికి తేలిక, లెక్కలో మాత్రం నాలుగు మెట్లు ఉంటాయి. 2020 ఫిబ్రవరి 11 న్యూ హాంప్‌షైర్ ఫలితాన్ని తీసుకుని వేసి చూపిస్తాను. శాండర్స్ గెలిచారు, కానీ ఆయనకూ రెండో స్థానంలోని బుటజెజ్‌కూ చెరో 9 మంది వచ్చారు. గెలిచినవాడికి, ఓడినవాడికి సమానమా అని అప్పట్లో చాలామంది అడిగారు.

ఓట్లు ఇవి: శాండర్స్ 76,384, బుటజెజ్ 72,454, క్లోబుచార్ 58,714. శాతాల్లో 25.6, 24.3, 19.7. నాలుగో స్థానంలో వారెన్ 9.2, ఐదో స్థానంలో బైడెన్ 8.4.

మొదటి మెట్టు, 15 శాతం దాటనివారిని తీసేయడం. వారెన్, బైడెన్, మిగతావారంతా లెక్కలోంచి వెళ్లిపోయారు. ఇక్కడ భాగహారంలో కింద ఉండే సంఖ్య మారుతుంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఇప్పుడు పంపకం మొత్తం ఓట్ల మీద కాదు, గీత దాటిన ముగ్గురి ఓట్ల మొత్తం 2,07,552 మీద. ఆ లెక్కన శాండర్స్ వాటా 36.8 శాతం, బుటజెజ్ 34.9, క్లోబుచార్ 28.3. సౌత్ కరోలినాలో శాండర్స్‌కు 19.8 శాతానికే 15 మంది వచ్చింది కూడా ఇందుకే. ఇద్దరే గీత దాటారు, వారిద్దరి ఓట్లలో ఆయన వాటా 29 శాతం.

రెండో మెట్టు, డెలిగేట్లను మూడు మూటలుగా విడదీయడం. న్యూ హాంప్‌షైర్‌కు 24 మంది. అందులో 16 మంది రెండు నియోజకవర్గాలకు, 8 చొప్పున. 5 మంది రాష్ట్రవ్యాప్త డెలిగేట్లు. 3 స్థానాలు పార్టీ నాయకులకు, ఎన్నికైన ప్రజాప్రతినిధులకు కేటాయించినవి, ఇవి కూడా రాష్ట్రవ్యాప్త ఓటుకే కట్టుబడి ఉంటాయి. ఒక్కో మూటకు విడిగా లెక్క వేయాలి. 24 మందినీ కలిపి ఒకేసారి భాగిస్తే తప్పు వస్తుంది.

మూడో మెట్టు, గుణకారం. రాష్ట్రవ్యాప్త మూట 5: శాండర్స్‌కు 1.84, బుటజెజ్‌కు 1.75, క్లోబుచార్‌కు 1.41. ముందుగా పూర్ణాంకాలు ఇచ్చేస్తారు, ముగ్గురికీ ఒక్కొక్కటి. ఇంకా 2 మిగిలాయి.

నాలుగో మెట్టు, మిగిలినవాటిని పెద్ద భిన్నం ఉన్నవారికి వరసగా ఇవ్వడం. 0.84 శాండర్స్‌ది, 0.75 బుటజెజ్‌ది. వారికి ఒక్కోటి. ఫలితం 2, 2, 1. తర్వాత 3 స్థానాల మూట: 1.10, 1.05, 0.85. శాండర్స్, బుటజెజ్‌లకు చెరో పూర్ణాంకం. మిగిలిన ఒక్కటి పెద్ద భిన్నం 0.85 ఉన్న క్లోబుచార్‌కు. ఫలితం 1, 1, 1. మూడో స్థానంలో ఉన్న ఆమెకు ఈ మూటలో మొదటివారితో సమానంగా వచ్చింది.

నియోజకవర్గాల్లో అక్కడి ఓట్లతోనే విడిగా వేయాలి. రాష్ట్ర వాటాకు దగ్గరగా ఉందనుకుంటే 8లో 2.94, 2.79, 2.26. పూర్ణాంకాలు 2, 2, 2 పోగా మిగిలిన రెండు మొదటి ఇద్దరికీ. రెండు చోట్లా 3, 3, 2. కలిపి చూడండి. శాండర్స్ 6, 2, 1, అంటే 9. బుటజెజ్‌కూ అదే 9. క్లోబుచార్ 4, 1, 1, అంటే 6. దాదాపు నాలుగు వేల ఓట్ల ఆధిక్యం ఏ మూటలోనూ ఒక పూర్తి స్థానాన్ని కదిలించేంత పెద్దది కాలేదు.

ఈ పూర్ణాంకాల సంగతి ప్రచారబృందాలకు బాగా తెలుసు. పోటీ ఇద్దరి మధ్యే ఉన్నప్పుడు 4 స్థానాల నియోజకవర్గంలో 2–2ను 3–1 చేయాలంటే 62.5 శాతం దాటాలి. 6 స్థానాలుంటే 58.3 దాటాలి. అదే 3 లేదా 5 స్థానాలున్న చోట సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ చాలు, ఒక స్థానం ఎక్కువ వస్తుంది. అందుకే బేసి సంఖ్య ఉన్నచోట డబ్బు, మనుషులు ఎక్కువ దిగుతారు. సరిసంఖ్య ఉన్నచోట 55 శాతంతో గెలిచినా ఉత్త చేతులే. ఇంకో సంగతి, డెమొక్రాట్లలో నియోజకవర్గాలన్నిటికీ సమాన సంఖ్య ఉండదు. పార్టీకి ఎక్కువ ఓట్లు వేసే చోటికి ఎక్కువ ఇస్తారు. సౌత్ కరోలినాలో అత్యధికం 6వ నియోజకవర్గానిదే. రిపబ్లికన్లలో మాత్రం పార్టీకి గట్టి పట్టున్న చోటా, పార్టీ ఓటర్లు పలుచగా ఉన్న చోటా అదే 3. అంటే రిపబ్లికన్ ఓటర్లు తక్కువగా ఉన్న నియోజకవర్గంలో ఒక్కో ఓటుకు బరువెక్కువ.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్‌లో 2008లో ఇంకా చిత్రమైన ఫలితం వచ్చింది. డెమొక్రాటిక్ ప్రైమరీ హిల్లరీ క్లింటన్ గెలిచారు, 65–61. అదే రాత్రి పోలింగ్ ముగిశాక జరిగిన కాకస్‌లు (పార్టీ మద్దతుదారులు ఒకచోట చేరి తమ అభ్యర్థిని తేల్చుకునే సమావేశాలు) ఒబామావి, 38–29. మొత్తం మీద ఒబామాకు 99, క్లింటన్‌కు 94. ‘టెక్సాస్ గెలిచింది ఎవరు’ అంటే ఓట్లలో ఆమె, డెలిగేట్లలో ఆయన. 2016 నుంచి అక్కడ డెమొక్రాట్ల రెండంచెల పద్ధతి లేదు.

డెలిగేట్ అంటే అంకె కాదు, మనిషి. ప్రైమరీ రాత్రి తేలేది ఎవరికి ఎన్ని కుర్చీలు అన్నది మాత్రమే. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారన్నది ఆ తర్వాత నెలల్లో జరిగే నియోజకవర్గ, రాష్ట్ర స్థాయి పార్టీ సమావేశాల్లో తేలుతుంది. 2016లో ట్రంప్ గెలిచిన కొన్ని రాష్ట్రాల్లో క్రూజ్ వర్గం ఆ సమావేశాలకు తమవాళ్లను పంపి డెలిగేట్లుగా ఎన్నిక చేయించుకుంది. జాతీయ సమావేశంలో జరిగే మొదటి విడత ఓటింగ్‌లో వాళ్లు ట్రంప్‌కు కట్టుబడే ఉండాలి, కానీ రెండో విడత దాకా వస్తే స్వేచ్ఛ దొరుకుతుందన్నది వారి ఆశ. అక్కడి దాకా రాలేదు. కట్టుబాటు విషయంలోనూ పార్టీలు వేరు. రిపబ్లికన్ నియమాల ప్రకారం కట్టుబడిన డెలిగేట్ వేరేవారికి ఓటేసినా ఆ ఓటును గుర్తించరు, కట్టుబాటు ప్రకారమే నమోదు చేస్తారు. డెమొక్రాట్లలో తమను ఎన్నుకున్నవారి మనోభావాన్ని మనస్సాక్షి ప్రకారం ప్రతిబింబించాలని ఉంటుంది, అంత గట్టి తాళం కాదు.

అభ్యర్థి తప్పుకుంటే ఏమవుతుందో 2024లో రెండు పార్టీల్లోనూ కనిపించింది. హేలీ మార్చి 6న ప్రచారం ఆపారు, జులై 9న తన డెలిగేట్లను విడుదల చేసి ట్రంప్‌కు ఓటేయమన్నారు. బైడెన్ జులై 21న తప్పుకున్నాక ఆయన డెలిగేట్లు దేశమంతటా ఒక్కసారిగా స్వేచ్ఛగా నిలబడ్డారు. ఆగస్టు మొదట్లో ఆన్‌లైన్‌లో జరిగిన ఓటింగ్‌లో కమలా హారిస్‌ను ఎన్నుకున్నారు. డెలిగేట్ మనిషి కాబట్టే అది సాధ్యమైంది.

మీరు పట్టికలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. డెమొక్రాటిక్ పట్టికల్లో ప్రైమరీ ఫలితానికి కట్టుబడిన డెలిగేట్లు వేరు, ‘సూపర్ డెలిగేట్లు’ అని పిలిచే పార్టీ పెద్దలు వేరు. న్యూ హాంప్‌షైర్‌కు 2020లో 24 అని ఒకచోట, 33 అని ఇంకోచోట కనిపిస్తుంది. ఆ 9 మంది తేడా వాళ్లే. 2018లో మార్చిన నియమాల తర్వాత, ఫలితం ముందే ఖాయమైతే తప్ప వారు మొదటి విడతలో ఓటేయరు. రెండు వెబ్‌సైట్ల అంకెలు కలవకపోతే ముందు ఈ తేడా చూడండి.

ఇక మీ రెండో ప్రశ్న. ప్రైమరీ ఓటు విషయంలో కొత్తగా పౌరులైన తెలుగువాళ్లకు తరచుగా ఎదురయ్యే అడ్డంకి ఒక్కటే: ఓటరు నమోదు ఫారంలో పార్టీ గడి. ‘ఏ పార్టీ అయితే నాకేం, తటస్థంగా ఉంటాను’ అని దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నవంబరు ఎన్నికకు దానివల్ల ఇబ్బందేమీ లేదు. కానీ పెన్సిల్వేనియా, న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ప్రైమరీ ఓటు ఆ పార్టీలో నమోదైనవారికే. గడి ఖాళీగా ఉంటే ప్రైమరీ రోజున అధ్యక్ష అభ్యర్థుల బ్యాలెట్ మీ చేతికి ఇవ్వరు. గడువులూ రాష్ట్రానికొకటి. పెన్సిల్వేనియాలో ప్రైమరీకి 15 రోజుల ముందు దాకా, ఫ్లోరిడాలో 29 రోజుల ముందు దాకా మార్చుకోవచ్చు. న్యూయార్క్‌లో ఇప్పటికే ఓటరుగా ఉండి పార్టీ మార్చుకునేవారికి గడువు ఫిబ్రవరి 14.

టెక్సాస్, జార్జియా, వర్జీనియా, సౌత్ కరోలినాల్లో పార్టీ నమోదే లేదు. ఓటరుగా ఉంటే చాలు, ఏదో ఒక పార్టీ ప్రైమరీలో వేయవచ్చు. ఏదో ఒకటే. సౌత్ కరోలినాలో 2024లో డెమొక్రాటిక్ ప్రైమరీ ఫిబ్రవరి 3న, రిపబ్లికన్‌ది 24న జరిగాయి. మూడో తేదీన ఓటేసినవారికి 24న ఓటు లేదు. తేదీలు వేరు కాబట్టి రెండూ వేయొచ్చనుకోకండి. టెక్సాస్‌లో మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో వేస్తే, ఇతర పదవులకు తర్వాత జరిగే రనాఫ్‌లో (ఎవరికీ సగం ఓట్లు రానప్పుడు పెట్టే రెండో విడత ఎన్నిక) ఇంకో పార్టీకి వేయడానికి లేదు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివారు పోలింగ్ కేంద్రంలోనే పార్టీ చెప్పి వేయవచ్చు, కానీ ఆ రోజుతో ఆ పార్టీ కింద నమోదైపోతారు. కాలిఫోర్నియాలో పార్టీ లేనివారు డెమొక్రాటిక్ అధ్యక్ష బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు, రిపబ్లికన్ బ్యాలెట్‌కు మాత్రం ఆ పార్టీలో నమోదు కావాలి. పోస్టులో వచ్చే బ్యాలెట్‌లో అధ్యక్ష పదవి గడే కనిపించకపోతే కారణం ఇదే అయి ఉంటుంది.

మీ ఇంట్లో ఇంకా గ్రీన్ కార్డు మీద ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్లను ఓటరు నమోదు దగ్గరికి కూడా తీసుకెళ్లకండి. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లో ‘ఓటరుగా నమోదు చేయాలా’ అని మామూలుగా అడుగుతారు. భాష సరిగా అర్థం కాక ‘ఊఁ’ అంటే పౌరులమని సంతకం పెట్టినట్టవుతుంది. తర్వాత పౌరసత్వ దరఖాస్తులోనే కాదు, దేశంలో ఉండే హక్కు విషయంలో కూడా పెద్ద చిక్కు వస్తుంది. ఇది ప్రైమరీకి, నవంబరు ఎన్నికకు రెండింటికీ వర్తిస్తుంది.

పైన చెప్పిన పార్టీ నియమాలు ప్రతి నాలుగేళ్లకూ మారతాయి. రాష్ట్రాల తేదీలు, గీత శాతం, 50 శాతం షరతు, డెలిగేట్ల సంఖ్య అన్నీ మళ్లీ రాసుకుంటారు. అందుకని 2027 చివర్లో మీ రాష్ట్ర ఎన్నికల కార్యాలయం వెబ్‌సైట్‌లో మీ పేరు పక్కన పార్టీ ఏమని ఉందో ఒకసారి చూసుకోండి. రాష్ట్ర పార్టీ ప్రకటించే డెలిగేట్ల ప్రణాళికలో ఈ సంగతులు వెతకండి: మొత్తంలో ఎన్ని స్థానాలు రాష్ట్రవ్యాప్తం, ఎన్ని నియోజకవర్గాలవి, గీత ఎంత శాతం, సగం దాటితే మొత్తం ఇచ్చే షరతు ఉందా. మీరు ఏ రాష్ట్రంలో ఉంటారో చెబితే అక్కడి గడువు, పద్ధతి విడిగా రాస్తాను.